చీకటమ్మకు వెయ్యి దీపాలు

మొసళ్ళ మడుగు ఈది తామ్రగిరి కోటగుమ్మంలో కాలు పెట్టేసరికి యువరాజు ఉదయాంకుడికి మొలకు చుట్టుకున్న పంచె, వంటవాడు బొల్లప్పకు నెత్తిన బోర్లించుకున్న మూకుడు తప్ప మరో ఆస్తి మిగల్లేదు. కత్తి మడుగులో జారిపోయింది. మూట మొసలి పొట్టలోకి పోయింది. అయినా ఇద్దరూ గుమ్మం పక్క అరుగు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. కాళ్ళూ చేతులూ ఉండాల్సిన చోట ఉన్నాయని తెలిసినప్పుడు మనిషికి అలాంటి నవ్వే వస్తుంది.

"అమ్మయ్య! బతికిపోయాం యువరాజా! ఆ మూటలో శేరు మిరియాలున్నాయి. పాపం, ఆ మొసలికి ఈ రాత్రి నిద్ర ఉండదు," అన్నాడు బొల్లప్ప.

"యువరాజా అనకు. ఇక్కణ్ణించి మనం కూలివాళ్ళం. నన్ను ఒరే అని పిలు."

బొల్లప్ప నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "ఒరే... గారూ," అన్నాడు.

ఈ వేషం ఎందుకు వేయాల్సి వచ్చిందో చెప్పుకోవాలి. ఉదయాంకుడు రత్నకూట రాజుగారి రెండో కొడుకు. పెద్దకొడుకు వసంతాంకుణ్ణి జ్వాలాజటి అనే మాంత్రికుడు నల్లగుర్రంగా మార్చి, జీను వేసుకుని, దేశాలు తిరుగుతున్నాడు. అన్నను విడిపించి తెస్తానని తండ్రి పాదాల మీద ప్రమాణం చేసి తమ్ముడు బయల్దేరాడు. తన చేతి బొబ్బట్లు తిని పెరిగిన పెద్ద యువరాజు ఇప్పుడు గడ్డి తింటున్నాడన్న బాధ ఓర్చుకోలేక బొల్లప్ప గరిట మొలలో దోపుకుని వెంట నడిచాడు.

జ్వాలాజటి దొరక్క కాదు, దొరికి జారిపోతున్నాడు. వాడికి పూటకో రూపం. ఒక ఊళ్ళో పట్టుకోబోతే ఉల్లిపాయలమ్మే ముసలమ్మై కూర్చున్నాడు. బొల్లప్ప ఆ ముసలమ్మతో గంటసేపు బేరమాడి, ఉల్లిపాయలు కొని, దండం పెట్టి మరీ వచ్చాడు. ఆ సంగతి ఇప్పటికీ ఎవరైనా ఎత్తితే వాడికి చెవులు ఎర్రబడతాయి.

ఇప్పుడు తామ్రగిరి రాజుగారి గుర్రపుశాలలో నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లగుర్రం కనిపించింది. ఉదయాంకుణ్ణి చూసి అది తల దించి, ముందుకాలు ఒకటే పనిగా నేలకేసి రాసింది. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఆటకు పిలిచేటప్పుడు వసంతాంకుడు కాలితో అలాగే నేల మీద గీతలు గీసేవాడు. ఉదయాంకుడు దాని మెడ నిమిరాడు. గుర్రం ఇక్కడుందంటే రౌతూ ఇక్కడే ఉన్నాడు, కానీ ఈ కోటలో ఎవరి మొహం వెనక దాక్కున్నాడో తేలాలి. అందుకే ఇద్దరూ రాజుగారు చేయిస్తున్న గుడిపనిలో కూలికి కుదిరారు.

ఆ తామ్రగిరిని చూడాలి గాని చెప్పితే తీరదు. కొండలన్నీ రాగిరంగు, కోటగోడలన్నీ దానిమ్మగింజ రంగు. పొద్దున సూర్యుడు వచ్చేసరికి గోపురాలు, మేడలు, ఏటి నీళ్ళు, ఏట్లో బట్టలుతికే వాళ్ళ వీపులు కూడా బంగారు పూత పూసుకుంటాయి. బురుజుల మీద ఫిరంగులు ఉండాల్సిన చోట బంతిమొక్కల కుండీలున్నాయి. నాలుగు తరాల క్రితం పెద్ద యుద్ధం జరిగి, సంధి కుదిరి, ఇక మనకు యుద్ధమే వద్దని అప్పటి రాజు ఫిరంగులన్నీ కరిగించి అన్నదానానికి గుండిగలు పోయించాడు. ఆ గుండిగల్లో వండిన అన్నం తిని జనం లావెక్కారు, యుద్ధం మాట పూర్తిగా మర్చిపోయారు. ఫిరంగి ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆ కోటలో ఒక్కడూ మిగల్లేదు.

కోట ఉత్తరపు మూల ఉంది చీకటమ్మ గుడి. అంత వింత గుడి ఉదయాంకుడు ఎక్కడా చూడలేదు. గోడలు ఏనుగు అడ్డంగా పడుకున్నా అవతలికి కనబడనంత మందం. పైకప్పు మాత్రం పల్చటి పెంకు, గాలి గట్టిగా వీస్తే లేచిపోయేలా ఉంది. తలుపులకు ఇనుప మేకు ఒక్కటీ లేదు, అంతా రాగే. గోడల్లో గాలి కోసం పెట్టిన కంతలు తిన్నగా ఉండక, లోపలికి పోయి పక్కకు తిరిగి, మళ్ళీ ఇంకో పక్కకు తిరిగాయి.

ఆచారాలు అంతకన్నా వింతవి. చీకటమ్మకు దీపం గిట్టదు. ఇనుము గిట్టదు, కత్తీ కొడవలీ బయట అరుగు మీద పెట్టి పోవాలి. చెప్పులు సరే, పావుకోళ్ళ చప్పుడు కూడా పనికిరాదు. డప్పు లేదు, గంట లేదు. కొబ్బరికాయ కొట్టకూడదు, కాయను కాయగానే సమర్పించి రావాలి. ఆ కాయలన్నీ సాయంత్రానికి పూజారి ముత్తయ్యగారి ఇంటికి చేరతాయి కాబట్టి ఆయనకు అమ్మవారంటే అపారమైన భక్తి. అమ్మవారికి ఇష్టమైనది నీళ్ళు. గడప దగ్గర కాళ్ళు తడుపుకుని లోపలికి పోయి, కడివెడు నీళ్ళు అమ్మవారి మీద పోసి మొక్కుకోవాలి. బయటికి వచ్చేటప్పుడు ముత్తయ్యగారు ఆకులో గుప్పెడు నల్లటి ప్రసాదం పొట్లం కట్టి ఇస్తారు. దాన్నే ఊరంతా నుదుట బొట్టు పెట్టుకుంటుంది.

"మీ ఇంటిపేరేమిటి పూజారిగారూ?" అని ఉదయాంకుడు ఒకనాడు అడిగాడు.

"కావలివారు బాబూ. మా ముత్తాత కాలం నుంచీ అమ్మవారి గుమ్మం మేమే కాస్తున్నాం. నిప్పు రానివ్వకు, ఇనుము రానివ్వకు, ఇదే మా ఇంట్లో మగపిల్లాడికి మొదట చెప్పే మాట. ఎందుకని అడిగితే మా నాన్న వీపు మీద ఒకటి వేసేవాడు."

అలాంటి గుడికి ఇప్పుడు వెయ్యి దీపాలు పెట్టబోతున్నారు.

రాజు చండభానుడికి కొడుకూ కోడలూ పోయి, మనవరాలు కల్హార ఒక్కతే మిగిలింది. ఆ అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, వీణ వాయిస్తుంది, గుర్రం ఎక్కుతుంది, సభలో తాత పక్కన కూర్చుని తగువులు తీరుస్తుంది. తనకు లోటు ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. లోటంతా తాతకే. ఆమె మెట్టు దిగుతుంటే ఆయన ఊపిరి బిగబడుతుంది. ఆయన తిరగని క్షేత్రం లేదు, మొక్కని రాయి లేదు. ఇంతలో దీపానందస్వామి అనే యోగి కోటకు వచ్చి, చీకటమ్మ కోపమే ఆమె కళ్ళ మీద కూర్చుందని, పాడుబడ్డ గుడిని బాగుచేయించి మిట్టమధ్యాహ్నం అభిజిల్లగ్నంలో లోపల వెయ్యి దీపాలు వెలిగించి, ఆఖరి దీపం ఆమె చేత పెట్టిస్తే చూపు వస్తుందని చెప్పాడు. తాత మనసు గదా, ఎగిరి గంతేసింది.

పని జోరుగా సాగింది. పెద్ద స్థపతి త్వష్టాచారి మీసం మెలేస్తూ తిరిగేవాడు. "ఆ కాలపు వాళ్ళకి గోడలో తిన్నగా ఒక కంత పెట్టడం కూడా చేతకాలేదురా!" అని నవ్వి వంకర కంతలన్నీ పూడ్పించాడు. బీటలు పూడ్చి, కొత్త సున్నం వేసి, గోడల మీద పద్మాలు, హంసలు దిద్దించాడు. గుడి పెళ్ళిపందిరిలా తయారైంది. పని జరిగినన్నాళ్ళూ లోపలి గదిలోకి మాత్రం పూజారి, స్వామి తప్ప ఎవరూ పోకూడదని కట్టడి గనుక ఉదయాంకుడు రోజంతా బయటి గోడలకే సున్నం పూశాడు. పొద్దస్తమానం కళ్ళు మాత్రం మనుషుల మొహాల మీద పెట్టి జ్వాలాజటిని వెతికాడు. కూలివాళ్ళకు వంట బాధ్యత బొల్లప్ప తీసుకున్నాడు. వాడి పప్పు తిన్నాక కూలివాళ్ళు పనికన్నా పంక్తికే ముందు వచ్చేవారు.

దీపోత్సవం రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికి ముందే కూలివాళ్ళకు విస్తళ్ళు వేశారు. ఉదయాంకుడు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నాలుక చల్లగా జిల్లుమంది.

"బొల్లప్పా, ఇందులో ఏం వేశావు?"

"ఉప్పే ఒరే గారూ. నిండుకుంటే గోడ నుంచి గీరాను. గుడి వెనక గోడ అడుగున తెల్లగా పూసి ఉందిగా, రాజుగారి ఖర్చు లేకుండా కలిసొచ్చిందని..." బొల్లప్ప తనూ కాస్త నాకి చూసి మొహం చిట్లించాడు. "ఇదేం ఉప్పండీ, పుదీనా నమిలినట్టుంది!"

ఉదయాంకుడి చేతిలో ముద్ద జారిపడింది. రత్నకూటంలో బురుజుకొక ఫిరంగి ఉంది. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ అతను ఫిరంగుల మధ్యే ఆడుకున్నాడు. నాలుక మీద ఈ చలువ అతనికి తెలుసు. ఇది సురేకారం! గబగబా మొలలోని ప్రసాదం పొట్లం విప్పి వాసన చూశాడు. గంధకం. వేళ్ళ మధ్య నలిపాడు. బొగ్గు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక్కసారిగా ఆ గుడి అంతా అతని కళ్ళ ముందు వేరుగా నిలబడింది. మందం గోడలు, పేలితే మంట ఊరి మీదికి రాకుండా. పల్చటి కప్పు, మంట పైకి పోవడానికి. రాగి మేకులు, నిప్పురవ్వ రాలకుండా. వంకర కంతలు, గాలి వచ్చినా బయటి నిప్పు లోపలికి దూరకుండా. తడికాళ్ళు, చప్పుడు లేని నడక, కావలివారు. ఇది గుడి కాదు. ఆ పెద్ద యుద్ధం నాటి మందుగుండు గిడ్డంగి! ఫిరంగులు కరిగించిన రాజు మందు సంగతి మర్చిపోయాడు. కాపలాదారులు మాత్రం ఆజ్ఞ మర్చిపోలేదు. కొడుకుకు చెప్పారు, కొడుకు మనవడికి చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆజ్ఞ ఆచారమైంది, ఆచారానికి అమ్మవారు పుట్టింది. ఇంత ఊరూ ఇన్నాళ్ళుగా నుదుట తుపాకిమందు బొట్టు పెట్టుకుని హాయిగా తిరుగుతోంది.

దాని మధ్య ఇప్పుడు వెయ్యి దీపాలు. వాటి మధ్య కల్హార.

ఉదయాంకుడు లేచి పరుగెత్తాడు. విస్తళ్ళు ఎగిరాయి. "పప్పు అంత బాగాలేదా?" అని బొల్లప్ప వెనక నుంచి అరిచాడు.

గుడి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. తోరణాలు, గొడుగులు, వింజామరలు, అటూ ఇటూ ముస్తాబైన ఏనుగులు. గుమ్మానికి ఎదురుగా పందిట్లో చండభానుడు సంతోషంగా కూర్చున్నాడు. పక్కనే హోమగుండం ముందు దీపానందస్వామి. లోపల చెలికత్తెలు దీపాలు వెలిగిస్తున్నారు. చీకటి గదిలో ఒక్కో వరసా వెలుగుతూ పోతోంది. ఉదయాంకుడు భటుల చంకల కింద నుంచి దూరి రాజు ముందు పడ్డాడు.

"మహారాజా! దీపాలు ఆర్పించండి! లోపలున్నది తుపాకిమందు! ఒక్క రవ్వ పడితే గుడీ, రాకుమారీ మిగలరు!"

"సున్నం కూలివాడికి శాస్త్రం తెలిసిందా?" అన్నాడు స్వామి చిరునవ్వుతో.

దండనాథుడు సోమసింగడు ముందుకు వచ్చాడు. ఆయనవి తామ్రగిరిలోకెల్లా పెద్ద మీసాలు, కొసలు చెవుల దాకా పోతాయి. "వీణ్ణి ఈడ్చి అవతల పారేయండి! శుభమా అని దీపం పెడుతుంటే వీడి నోట్లో..."

మాట పూర్తికాలేదు. ఉదయాంకుడు ప్రసాదం పొట్లాన్ని హోమగుండంలోకి విసిరాడు. భగ్గుమని మనిషెత్తు మంట లేచి, తెల్లటి పొగ పందిరంతా కమ్మింది. పొగ తేలేసరికి దండనాథుడికి ఎడమవైపు మీసం లేదు.  ప్రతివాడి చెయ్యీ తన నుదుటి బొట్టు మీదికి పోయింది.

"కల్హారా!" చండభానుడు వెర్రికేక పెట్టి గుమ్మం వైపు ఉరికాడు. ఉదయాంకుడు ఆయన నడుము పట్టి ఆపాడు. "ప్రభూ! ఆ పావుకోళ్ళు, ఆ కత్తి వదలండి. లోపల ఇనుము రాయికి తగలకూడదు. మీరిక్కడే ఉండండి, తెస్తాను, నా తల మీద ఒట్టు!" అని గడప దగ్గర నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి అడుగుపెట్టాడు.

లోపల నేలంతా వెలుగు. నట్టనడుమ పసుపు పూసి, కళ్ళూ ముక్కూ దిద్దిన నిలువెత్తు జాడీ, అదే చీకటమ్మ. దాని వెనక గోడ పొడవునా చిన్న జాడీలు, అమ్మవారి చెల్లెళ్ళట. ముత్తయ్య ప్రసాదం తీసే ఒక్క జాడీకి తప్ప మిగతా వాటి మూతులకు తరతరాలుగా ఉన్న తోలూ బంకమట్టీ స్వామి ఆ పొద్దునే ఊడదీయించాడు. నోళ్ళు తెరిచిన ఆ జాడీల నిండా నల్లటి పొడిమందు. వాటికి బారెడు దూరంలో దీపాల వరస. మధ్యలో పీట మీద ఆఖరి ప్రమిద చేతిలో పట్టుకుని కల్హార.

"అమ్మలారా, ఎవరూ ఊదకండి, పరుగెత్తకండి. చీరచెంగులు దగ్గరికి తీసుకోండి. తడిచేత్తో ఒక్కొక్కటీ మూసి ఆర్పండి," అన్నాడు ఉదయాంకుడు పెరుగులో కవ్వం ఆడించినంత మెల్లగా.

కల్హార తల తిప్పింది. "అంత పరుగెత్తి వచ్చినవాడివి ఇంత మెల్లగా మాట్లాడుతున్నావంటే ఏదో పెద్ద ప్రమాదమే. జాడీల వైపు దీపాలు నేను ఆర్పుతాను. వేడిని బట్టి నాకు తెలుస్తుంది, మీరంతా అటువైపువి చూసుకోండి," అని ప్రమిద కింద పెట్టి, కడవలో చేతులు ముంచి మోకాళ్ళ మీద కదిలింది. ఆ చేతులు ఎక్కడా తడుముకోలేదు. ఒక్కో దీపం చుస్సుమని ఆరిపోతూ వచ్చింది. చెలికత్తెలు ఏడుస్తూ ఆర్పారు, పూజారి ముత్తయ్య మంత్రాలు తప్పుతూ ఆర్పాడు. ఇంతలో బొల్లప్ప గుండిగ నెత్తిన పెట్టుకుని వచ్చి, విషయం ఏమిటో అడక్కుండానే పప్పంతా రెండు వరసల దీపాల మీద కుమ్మరించాడు.

"నా జన్మలో ఇంత మంచి పప్పు ఇలా తగలేస్తాననుకోలేదు," అని వాడు నిట్టూర్చేలోగా గుమ్మంలో వెలుగు పడింది.

దీపానందస్వామి! చేతిలో భగభగ మండే కాగడా. మొహాన చిరునవ్వు లేదు, కాషాయం కింద నుంచి ఎర్రటి జడలు జలజలా జారాయి. "వారసురాలు పోతే ఈ సింహాసనం నాది! పొండి, అందరూ కలిసి పొండి!" అని కాగడా పైకెత్తాడు. జ్వాలాజటి!

ఉదయాంకుడు ఒక్క దూకు దూకి వాడి జడలు దొరకబుచ్చుకున్నాడు. ఎన్ని దేశాలు తిరిగినా చిక్కనివాడు ఇప్పుడు గుప్పిట్లో ఉన్నాడు. పట్టు బిగించి లొంగదీస్తే వాడి చేతే అన్నను మళ్ళీ మనిషిని చేయించవచ్చు. కానీ అప్పటికే కాగడా వాడి చేయి దాటింది. జాడీల మీదికి గిరగిరా తిరుగుతూ పోతోంది. ఉదయాంకుడు జడలు వదిలేశాడు. గాలిలోకి ఎగిరి అరచేత్తో కాగడాను కొట్టాడు. అది దారి తప్పి, ఎగిరి, తిన్నగా పోయి చీకటమ్మ నోట్లో పడింది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. బొల్లప్ప మూకుడు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

బుస్స్‌... అంది జాడీ. గుప్పెడు ఆవిరి లేచింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టింది. తరవాత ఏమీ లేదు. ఎవరో వెక్కారు. ఉదయాంకుడు ఒక కన్ను తెరిచి జాడీలోకి తొంగిచూశాడు. లోపల నల్లటి బురద, దాంట్లో ఆరిపోయిన కాగడా.

"అమ్మ మింగేసింది! నా తల్లి నిప్పు మింగేసింది!" ముత్తయ్య జాడీని కావలించుకుని భోరుమన్నాడు.

మింగక ఏం చేస్తుంది! నాలుగు తరాలుగా ఊరు ఊరంతా కడవలతో నీళ్ళు పోసింది. సురేకారమంతా ఆ నీళ్ళలో కరిగి, నేలలోకి దిగి, వెనక గోడకు ఉప్పుగా పూసింది. మిగిలింది ఎందుకూ పనికిరాని బురద. తుపాకిమందుకు స్నానం చేయించి పూజించే జనం ఈ భూమి మీద మరెక్కడా ఉండరు. అంత పెద్ద పొరపాటు చేసినందుకే అందరూ బతికారు. ఆ సంగతి అర్థమైన మరుక్షణం అందరికీ ఒక్కసారే నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఒకరి భుజాల మీద ఒకరు పడి, ముట్టుకుని చూసుకుని, మళ్ళీ నవ్వారు. ఒంట్లో ఉన్న బరువంతా దిగిపోయినట్టయింది.

జ్వాలాజటి ఏడీ? ఆవిరిలో మాయమయ్యాడు. గుమ్మం దగ్గర మాత్రం ఇద్దరు బొల్లప్పలు నిలబడి ఉన్నారు. ఇద్దరి నెత్తిన మూకుడు, ఇద్దరి పొట్ట మీద పప్పు.

"యువరాజా, నేనండీ!" అన్నాడు ఒకడు.

"ఒరే గారూ, నేనండీ నిజం బొల్లప్పని! వాడు ఉల్లిపాయల ముసల్ది!" అన్నాడు రెండోవాడు ఏడుపు గొంతుతో.

"నన్ను ఉల్లిపాయలంటావా!" అని మొదటివాడూ ఏడ్చాడు. వాడి చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఉదయాంకుడు ఒకణ్ణి చూశాడు, ఇంకొకణ్ణి చూశాడు. కన్నతల్లి కూడా పోల్చలేదు.

కల్హార అడుగు ముందుకు వేసి తిన్నగా మొదటివాడి మణికట్టు పట్టుకుంది. "ఇతనే స్వామి. మొహాలు మీరు చూసుకోండి, నాకు దానితో పని లేదు. ఊపిరి తీసినప్పుడల్లా ఇతని గొంతులో సన్నటి ఈల వస్తుంది. తాతగారికి నా కళ్ళ గురించి చెప్పినప్పుడూ వచ్చింది."

వాడు బుసకొట్టి చేయి విదిలించుకుని బయటికి ఉరికాడు. భటులు కదిలేలోగా గుర్రపుశాల చేరి నల్లగుర్రం మీద ఎగిరి కూర్చున్నాడు. గుర్రం వెనక్కి తిరిగి ఉదయాంకుడి వైపు ఒక్కసారి చూసి, కొరడా దెబ్బకు తాళలేక ఉత్తరపు కనుమ వైపు పరుగెత్తింది. కాలిన అరచేతిని నొక్కుకుంటూ ఉదయాంకుడు అటే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా జడలు వదిలేసినందుకు అతనికి పశ్చాత్తాపం లేదు.

ఆ సాయంత్రం తామ్రగిరిలో పండగ కన్నా పెద్ద పండగ జరిగింది. ఊరంతా చెప్పులు విడిచి, కాళ్ళు తడుపుకుని, చెల్లెళ్ళ జాడీలను ఒక్కొక్కటీ చంటిపిల్లల్ని మోసినట్టు మోసి ఏట్లో ముంచింది. వరసలో ముందు నడిచినవాడు చండభానుడే. ప్రతి జాడీ బుడబుడమని మునిగినప్పుడల్లా జనం "అమ్మయ్య!" అన్నారు. త్వష్టాచారి తలొంచుకుని వచ్చి పూడ్చిన కంతలన్నీ మళ్ళీ తెరుస్తానని, కట్టినవాళ్ళు కట్టినట్టే గోడలను నిలబెడతానని చెప్పాడు. హంసలు మాత్రం ఉండనివ్వమని బతిమాలాడు. దండనాథుడు మిగిలిన కుడి మీసం కూడా తీయించేసి పదేళ్ళు చిన్నవాడిలా తిరిగాడు.

ముత్తయ్య మాత్రం ఒక మూల దిగులుగా కూర్చున్నాడు. "అయితే అమ్మవారు లేనట్టేనా బాబూ?"

"ఇవాళ ఇంతమందిని కాపాడింది ఎవరనుకుంటున్నారు? మీరు నీళ్ళు పోయడం మానకండి. కొబ్బరికాయలూ మానకండి," అన్నాడు ఉదయాంకుడు. ముత్తయ్య మొహం వెలిగింది.

తెల్లవారగానే చండభానుడు ఉదయాంకుణ్ణి గుండెకు హత్తుకున్నాడు. అతనెవరో, అన్న కథ ఏమిటో అన్నీ విన్నాడు. "నా ప్రాణం నాకు తిరిగి ఇచ్చావు నాయనా. అర్ధరాజ్యం అడుగు, ఏనుగులు అడుగు."

"ఒక మంచి గుర్రం, ఒక కత్తి చాలు ప్రభూ. మా వాడికి కంచరగాడిద. గుర్రం మీద వాడు నిలవడు."

"అవేవీ చాలవు," అంది కల్హార. ఆమె అప్పటికే స్వారీకి చీర బిగించి కట్టుకుని ఉంది. "మీరు మూడుసార్లు వాణ్ణి పట్టుకోబోయి మూడుసార్లూ మొహం చూసి మోసపోయారు. నాలుగోసారీ అదే జరుగుతుంది. వాడి మాయ అంతా కళ్ళకే. నాకు ఆ బాధ లేదు. తాతగారూ, నేను వెళ్తాను."

చండభానుడు పీఠం మీద కూలబడ్డాడు. "వద్దమ్మా! నిన్న చావు నోట్లోంచి వచ్చావు. నీ మీద ఈగ వాలనివ్వను ఇక!"

"నిన్న నన్ను అక్కడ కూర్చోబెట్టింది ఎవరు తాతగారూ?" ఆమె గొంతులో కోపం లేదు. ఆయన చేతులు వెతికి పట్టుకుంది. "నాకు కళ్ళు కావాలని నేను ఎప్పుడూ అడగలేదు. మీరే అడిగారు, ఊరూరా తిరిగి అడిగారు. ఇన్నాళ్ళకు నాలాంటిదానికే చేతనైన పని ఒకటి దొరికింది. పంపించండి."

ఆయన ఆమె తల నిమిరాడు. గడ్డం మీదుగా కన్నీళ్ళు జారుతూనే ఉన్నాయి. చివరికి లేచి, తన చేతులతోనే గుర్రానికి కళ్ళెం వేసి, దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా..." అని ఏదో చెప్పబోయి ఆపేశాడు.

ముగ్గురూ ఉత్తరద్వారం దాటారు. చండభానుడు బురుజెక్కి, బంతిమొక్కల మధ్య నిలబడి చూశాడు. చూసేకొద్దీ గుండె దడ ఎక్కువైంది. అందుకని జీవితంలో మొదటిసారి కళ్ళు మూసుకుని మనవరాలు విన్నట్టు వినడానికి ప్రయత్నించాడు. ఏటి గలగల వినపడింది. దూరంగా గిట్టల చప్పుడు వినపడింది. కల్హార గుర్రం తేలిగ్గా, ఉదయాంకుడి గుర్రం బరువుగా, కంచరగాడిద తడబడుతూ.

ఇంకో గుర్రం గిట్టల చప్పుడు కూడా. వాళ్ళ వెనకే, వాళ్ళు ఆగితే ఆగుతూ, కదిలితే కదులుతూ.

ఆయన కళ్ళు తెరిచాడు. దారి మీద ముగ్గురే ఉన్నారు. పక్కన ఏటిగట్టు మీద వెదురుపొద దట్టంగా, ఆకు కదలకుండా ఉంది. "కల్హారా!" అని అరవబోయి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. అక్కడ ఆ దూరంలో ఆమె అప్పటికే కళ్ళెం లాగి ఆపింది. తల కొంచెం పక్కకు వంచింది. చేయెత్తి మిగతా ఇద్దరినీ నిలబెట్టి, చూపుడువేలు మెల్లగా ఆ వెదురుపొద వైపు తిప్పింది.

"విన్నది! నా తల్లి విన్నది!" అని చండభానుడు గట్టిగా ఊపిరి వదిలాడు. కింద ఉదయాంకుడి కొత్తకత్తి ఒరలోంచి బయటికి వచ్చింది.